ఎడమ చెవి పైన

గొర్రె ఒకే పక్కకు తల వాల్చి గిర్రున తిరుగుతోందంటే దాని మెదడులో నీటిబుడగ ఊరిందని అర్థం. గుమ్మఘట్ట చుట్టుపక్కల గొర్రెల కాపరులందరికీ ఈ జబ్బు తెలుసు. తెలిసినవాళ్ళు నోరు మూసుకుని ఆ గొర్రెను సంతకు తోలేస్తారు. సుంకప్ప మాత్రం తోలడు. దాన్ని పక్కకు పడేసి, మోకాలితో అదిమిపట్టి, బొటనవేలితో పుర్రె అంతా నొక్కి నొక్కి చూస్తాడు. ఎముక ఎక్కడ మెత్తబడి వేలికి లొంగుతుందో అక్కడ కాల్చిన ఇనుపకడ్డీతో వాత పెడతాడు. అలా పెట్టినవాటిలో చాలా చచ్చాయి, కొన్ని బతికాయి. చచ్చినవాటిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? బతికినవి మందలో కళ్ళముందే తిరుగుతుంటాయి. వాటిని చూపించి చూపించి సుంకప్ప తన చెయ్యి మంచిదని ఊరిచేత అనిపించుకున్నాడు. చివరికి తనూ నమ్మాడు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

అతని పెండ్లాం గంగక్క. పిల్లలు పుట్టలేదు, మందే సంసారం. ఏ ఊళ్ళో కాపరి పెండ్లామైనా ఇంటిపట్టున ఉంటుంది కానీ, గంగక్క పెండ్లైన ఏడాదికే కంబళి భుజాన వేసుకుని మొగుడి వెంట బయల్దేరింది. ఆమె కేక వేస్తే మంద ముందుకు నడిచేది, సుంకప్ప కేక వేస్తే తలెత్తి చూసి మళ్ళీ మేసేది. దానికతను లోలోపల కుళ్ళుకునేవాడు, పైకి మురిసిపోయేవాడు.

సంక్రాంతి పోయి చలి తగ్గుతున్న రోజుల్లో, కోసేసిన వేరుశనగ చేలల్లో మంద మేస్తోంది. ఎండకు గొర్రెలన్నీ గాలిమర కంబం నీడలో వరసగా నిలబడ్డాయి. నీడ జరిగినకొద్దీ అవీ జరుగుతాయి. వాటిని లేపుదామని గంగక్క కేక ఎత్తుకుంది. కేక సగంలో తెగిపోయింది. సుంకప్ప వెనక్కి తిరిగి చూస్తే, ఆమె మొహం కుడిపక్కకు తిరిగిపోతోంది, ఎవరో గదమ పట్టుకుని తిప్పుతున్నట్టు. కుడిచెయ్యి దానంతటది కొట్టుకుంటోంది. అతను పరుగెత్తి చేరేలోగా కిందపడింది.

నీళ్ళు చల్లి, కంబళి మీద పడుకోబెట్టి, ఆమెకు తెలివి వచ్చేదాకా సుంకప్ప పక్కనే కూర్చున్నాడు. అప్పుడతని మనసులో మొదట మెదిలింది తల తిప్పే గొర్రే. ఛీ అనుకున్నాడు. అనుకున్నా అది పోలేదు.

రాయదుర్గంలో డాక్టరు మూర్ఛ మాత్రలిచ్చి, అనంతపురంలో తలకు స్కాన్ తీయించమన్నాడు. అనంతపురంలో తీసినవాళ్ళు ఆ ఫిలిం చూసి మాట తగ్గించి, బెంగళూరు పొమ్మన్నారు. అలా ఇద్దరూ బెంగళూరులో ఒక పెద్దాసుపత్రికి, డాక్టర్ జోయల్ దగ్గరికి చేరారు. అనంతపురంలో పుట్టిన మనిషి. గంగక్క నోట్లోంచి రెండు మాటలు రాగానే ఆయన కన్నడం మానేసి మన మాటలోకి దిగిపోయాడు.

ఆయన ఫిలింను వెలుగుపెట్టె మీద పెట్టి, తెల్లగా మబ్బులా పరుచుకున్న చోటును చూపించాడు. సుంకప్పకు అది తలో గుమ్మడికాయో తెలియలేదు. అది గమనించి డాక్టరు కుర్చీలోంచి లేచి వచ్చి, గంగక్క ఎడమ చెవి పైన, నాలుగు వేళ్ళ ఎత్తులో, తన వేలు పెట్టాడు.

"ఈడుండాది సుంకప్పా గడ్డ. సరిగ్గా ఈడ."

"నీటిబుడగనా సార్?" అన్నాడు సుంకప్ప.

డాక్టరు ఆశ్చర్యంగా చూశాడు. "గొర్లకొచ్చేదాని గురించి అడుగుతాండావా? అది పురుగుతో వచ్చేది. ఇది అది కాదప్పా. ఇది ఈమె మెదడే చెడిపోయి పెరుగుతాండేది. దీనికి అంచు ఉండదు. యాడ గడ్డ అయిపోయింది, యాడ మంచి మెదడు మొదలైందో కంటికి తెల్దు. అందుకే కోసినా మొత్తం రాదు, మళ్ళీ మొలుస్తాది."

గంగక్క ఇదంతా తన గురించి కాదన్నట్టు విని, "కోస్తే మాట పోతాదా సార్?" అని మాత్రం అడిగింది.

"పోకుండా చూస్తాం. మాట ఉండే చోటుకు పక్కనే ఉండాది. పెరగనిస్తే మాత్రం మాట తినేస్తాది. తొందరగా కొయ్యల్ల."

ఆ తర్వాత ఆయన తను చేస్తున్న పరిశోధన సంగతి చెప్పాడు. కోసి తీసిన గడ్డను అదే పూట ల్యాబుకు పంపిస్తారు. దాన్ని పెట్టి, ఆ మనిషి రక్తంలో కణాలకే ఆ గడ్డను గుర్తుపట్టడం నేర్పిస్తారు. అవి తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తే, మిగిలిపోయిన గడ్డ వేళ్ళను అవే వెతికి చంపుతాయేమోనని ఆశ. మామూలుగా ఇచ్చే రేడియేషన్, అదే ఊళ్ళో కరెంటు పెట్టడమంటారు, మాత్రలు ఎట్లాగూ ఉంటాయి, ఇది వాటికి పైన. గంగక్క వయసుకు, గడ్డ ఉన్న తీరుకు ఆమెను చేర్చుకోవచ్చు.

"దాంతో తగ్గిపోతాదా సార్?"

డాక్టర్ జోయల్ మంచివాడు. అబద్ధం చెప్పలేకపోయాడు. "తెల్దు సుంకప్పా. పరిశోధన అంటే మాకూ ఇంకా తెల్దనే. తెలుసుకుందామనే చేస్తాండాం."

ఆయన ఎన్నో చెప్పాడు. సుంకప్ప చెవుల్లో మిగిలింది ఆ 'తెల్దు' ఒక్కటే. ఇంత పెద్ద భవంతి కట్టుకుని, ఇన్ని మిషన్లు పెట్టుకుని, తెలియదని చెప్పడమేమిటి? తను ఏ గొర్రె ముందూ ఏనాడూ తెలియదన్నది లేదు.

ఆపరేషన్ ఉగాది ముందర సోమవారమన్నారు. పరిశోధన పనులు చూసే కృపాకుమారి అనే సిస్టరు వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని జాగ్రత్తలు చెప్పింది. ఆమెది సోమందేపల్లె. మెదడు వాపు తగ్గించే మాత్రలు ఒక్కపూట కూడా ఆపొద్దంది, మూర్ఛ వస్తే వెంటనే ఫోన్ చేయమంది, తలకు ఏ పసరూ పూయొద్దు, నాటుమందు మింగొద్దంది. వాత మాట ఆమెకు తట్టలేదు. గంగక్క ఒప్పుదల కాగితం మీద వేలిముద్ర వేసి, తన రక్తం తనకే మందవుతుందంట అని బస్సులో ఊరు చేరేదాకా వింతగా చెప్పుకుంటూనే ఉంది.

మందను గంగక్క అన్న ఓబుళేసుకు అప్పజెప్పి పోదామని ఊరికొచ్చారు. అప్పజెప్పడం అటుంచి, ఓబుళేసు నోటికి దొరికారు. అతను మందను ఒక్క చూపు చూసి, చెల్లెలి మొహం చూసి, అరుగు మీద చతికిలబడ్డాడు. మాత్రలకు ఆమె మొహం ఉబ్బి, బుగ్గలు నున్నగా మెరుస్తున్నాయి.

"పుర్రె కోస్తే మనిషి మిగుల్తాదా బావా? మన కుర్లపల్లి తిప్పేస్వామిని కోసిరి, ఏమాయె? మంచాన్నే పాయె. గొర్లకైతే నీ చేతుల్తో వైద్యం చేస్తివి, కట్టుకున్నదాన్ని మాత్రం తెల్దని చెప్పేటోని చేతిలో పెడ్తావా?"

"అది బుడగ కాదంట బావా. వేరే అంట."

"అంట, అంట! తల తిరిగిపోతాందా లేదా? ఒక పక్కకే గదా తిరుగుతాండేది?"

  ఓబుళేసు అంటున్నది బెంగళూరు బస్సు ఎక్కినప్పటి నుంచి సుంకప్ప తన లోపల తనే అనుకుంటున్నాడు. ఇంకొకరి నోట విన్నాక అది నిజంలాగా వినబడింది.

మరుసటి పొద్దున గంగక్కకు మళ్ళీ మూర్ఛ వచ్చింది. ఈసారి పెద్దది. తేరుకున్నాక కుడిచెయ్యి లేవలేదు. సుంకప్ప కృపాకుమారికి ఫోన్ చేశాడు. ఆమె డాక్టరును అడిగి కనుక్కుని, వాపు మాత్ర పూటకు ఒకటి కాకుండా రెండు వేయమంది, రేపే తీసుకుని వచ్చేయమంది. అతను మాత్రలు వేశాడు. వేసి, గడప మీద కూలబడి ఏడ్చాడు. మందను కేకతో నడిపించే మనిషి చెంబు ఎత్తలేక చెయ్యి వేలాడేసుకుని కూర్చుంటే ఏ మొగుడి గుండె తట్టుకుంటుంది?

అప్పుడు గంగక్కే అడిగింది. "యో, నువ్వే పెట్టప్పా వాత. నీ చేతిమింద నాకు నమ్మకముండాది."

"మే, నువ్వు గొర్రెవా?"

"గొర్రెలకు పెట్టిన చెయ్యి నాకు పెడితే ఏమైతాది? తలనొప్పికి కండ్లు తెరిసేకి అయితల్లేదు. పెట్టు."

అంతే, అతని చెయ్యి ఆగలేదు. ఇన్నేళ్ళుగా గొర్రె పుర్రె మీద వేలితో వెతుక్కునేవాడు, చోటు తప్పేది, గొర్రె చచ్చేది. ఇప్పుడు వెతకాల్సిన పని లేదు. అంత చదివిన డాక్టరు వేలు పెట్టి మరీ చూపించాడు. ఎడమ చెవి పైన, నాలుగు వేళ్ళ ఎత్తు. సుంకప్ప అక్కడ జుట్టు కత్తిరించాడు. ఓబుళేసు చెల్లెలి భుజాలు పట్టుకున్నాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. కాల్చిన కడ్డీ ఆనినప్పుడు కూడా అరవలేదు. సుంకప్ప చేసిన పనుల్లో ఇంత నెమ్మదిగా, ఇంత ప్రేమగా చేసింది ఇంకోటి లేదు. చెప్పడానికే నోరు రావడంలేదు గానీ, ఉన్నమాట అది.

ఆ సాయంత్రానికి గంగక్క తలనొప్పి తగ్గింది. మరునాటికి చెయ్యి లేచింది. చెంబు ఎత్తింది, కొప్పు తనే ముడుచుకుంది. ఊరంతా వచ్చి చూసింది. రెట్టింపు చేసిన మాత్రల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, సుంకప్పకు కూడా. రేపే రమ్మన్న మాట పక్కకు పోయింది. కృపాకుమారి ఫోన్ చేస్తే, "బాగుండాది సిస్టరూ, సోమవారం నాటికి వస్తాం" అన్నాడు. అన్నప్పుడు అతని గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది.

పుండు మొదట ఎండినట్టే ఎండి, లోపల ఊరడం మొదలైంది. పైన పసుపు, వేపాకు బూడిద వేశాడు. సోమవారానికి ముందురోజు బస్సులో గంగక్క కొంగు తలమీద లాక్కునే కూర్చుంది. వాసనకు పక్క సీటువాళ్ళు లేచి ముందుకు పోయారు.

ఆసుపత్రిలో ఆమె తల గొరిగించడానికి కృపాకుమారే వచ్చి కొంగు తీసింది.  "అయ్యో నా తల్లీ" అంది ఒక్కసారి. తర్వాత గోడకానుకుని, "సోమందేపల్లెలో పుట్టినదాన్ని, వాతల మధ్య పెరిగినదాన్ని. ఈ మాట నాకెందుకు తట్టకపాయె" అని తనను తానే తిట్టుకుంది.

డాక్టర్ జోయల్ వచ్చి పుండును చూశాడు. చీము ఎముకదాకా దిగింది. ఆయన గొంతు అంతవరకు ఎవరూ వినని గొంతయింది.

"ఎవరప్పా ఇది చేసింది? ఏ మంత్రగాడు?"

"నేనే సార్."

"నువ్వా? ఇంత తలకాయలో సరిగ్గా నేను కొయ్యాల్సిన చోటే ఎట్ల పెడ్తివి?"

"మీరే గదా సార్ చూపిస్తిరి," అన్నాడు సుంకప్ప. "వేలు పెట్టి చూపిస్తిరి గదా."

అతను ఎదురు చెప్పడానికి అన్నమాట కాదది. నిజంగానే, అడిగినదానికి జవాబు చెప్పాడు.  డాక్టరు తన చూపుడువేలు వైపు ఒకసారి చూసుకుని చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత సుంకప్పను ఒక్కణ్ణే వరండాలోకి తీసుకుపోయి నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. చీమున్న చోట కోస్తే ఆ చీము మెదడులోకి దిగుతుంది, గడ్డకంటే ముందు అదే చంపుతుంది. వేరే పక్క నుంచి పోదామంటే మాట ఉండే చోటును దాటుకుని పోవాలి. పుండు మానేదాకా ఆగాల్సిందే. కానీ వాపు మాత్రలు పుండును మాననివ్వవు. మాత్రలు ఆపుదామా, తలలో వాపు మనిషిని నిలవనివ్వదు. రెండువైపులా దారి మూసుకుపోయింది.

గంగక్కను పుండ్ల వార్డులో పెట్టి సూదిమందులు మొదలుపెట్టారు. "ఎప్పుడు కోస్తారంట?" అని ఆమె రోజూ అడిగేది. "పుండు మానినాక అంట" అనేవాడు సుంకప్ప. అంతవరకే చెప్పేవాడు. అది తను పెట్టిన వాతకే చీముపట్టిన పుండని, తను చేసినందుకే ఆపరేషన్ ఆగిందని ఆమెకు తెలియదు. తలలో గడ్డే పైకి పగిలిందనుకుంటోంది. పగిలి చెడంతా బయటికి వస్తోందని సంతోషపడుతోంది కూడా. చెప్పాలనే అనుకునేవాడు. ఆమె మొహం చూశాక, పుండు మాననీ, కొయ్యనీ, అన్నీ బాగుపడ్డాక నవ్వుకుంటూ చెబుదాంలే అనుకునేవాడు.

ఎండలు ముదిరేటప్పటికి పుండు మూసుకుంది. మళ్ళీ స్కాన్ తీశారు. డాక్టర్ జోయల్ ఈసారి సుంకప్పను ఒక్కణ్ణే గదిలోకి పిలిచాడు. ఫిలిం చూపించలేదు, వేలెక్కడా పెట్టలేదు.

"గడ్డ అవతలి పక్కకు దాటిపోయిందప్పా. ఇంగ కోసేదానికి లేదు. కొయ్యకుంటే ల్యాబుకు ముక్క రాదు. పరిశోధనలోకి ఆమెను తీసుకోలేను. కరెంటు పెడతాం. కొంచెం ఓపిక వస్తాది."

సుంకప్ప ఒక్కటే అడిగాడు. "ఆ సోమవారమే కోసింటే బతికేదా సార్?"

"బతికేదని నేను చెప్పను. ఎప్పుడైనా అది తిరిగి వచ్చే జబ్బే. కానీ ఇంకా కొన్నాళ్ళు ఉండేది. మాట్లాడుకుంటా, నడుచుకుంటా ఉండేది. ఆ మందు పనిచేసింటే ఇంకా ఎక్కువ ఉండేదేమో. అది నాకు తెల్దు. ఇంగ ఎప్పటికీ తెల్దు."

ఆ కొన్నాళ్ళనే తను కాల్చేశాడు. ఇంకెవరో కాదు, విధి కాదు, దేవుడు కాదు. సుంకప్ప ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నాడు. నరికేసుకోవాలనిపించింది. గంగక్కకు అన్నం తినిపించే పొద్దయిందని గుర్తొచ్చి లేచాడు.

కరెంటు పెట్టడం పూర్తయ్యాక ఇంటికి తెచ్చుకున్నాడు. మంద ఓబుళేసు దగ్గరే ఉండిపోయింది. ఆషాఢం గాలి మొదలై వాన జాడ లేకుండా మట్టినే ఎత్తిపోస్తోంది. చూడవచ్చినవాళ్ళకు గంగక్క తలమీద మచ్చ చూపించి, "మా ఆయన చెయ్యి పడబట్టే ఈమాత్రమన్నా ఉండా. బెంగళూరోళ్ళు కొయ్యేకి భయపడిరి" అని చెప్పుకునేది. పొరుగింటి మారెక్క అయితే ముక్కున వేలేసుకుని, "నీ అసుమంటి మొగుడు ఎవరికి దొరుకుతాడు గంగక్కా" అంది. సుంకప్ప లేచి దొడ్డివైపు పోయాడు.

రేపు చెబుదాం అనుకుంటూనే రోజులు పోయాయి. ఆమె మాటలూ పోసాగాయి. మొదట పేర్లు పోయాయి. ఓబుళేసును చూసి నవ్వుతుంది, పేరు రాదు. తర్వాత చెంబును కంబళి అంది, కంబళిని నీళ్ళంది. కొన్నాళ్ళకు అదీ లేదు. అన్నం కావాలంటే నోరు చూపిస్తుంది. ఎదుటివాళ్ళ మాట అందుతోందో లేదో తెలియదు. సుంకప్ప చెప్పేవి అందుతున్నాయనే నమ్మాడు. ఇంకా వ్యవధి ఉందనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం నొప్పి ఎక్కువైంది. మాత్రలు వేసినా ఆగలేదు. అరుగు మీద ఆమె తల తన ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గంగక్క ఎడమచేత్తో అతని చెయ్యి వెతికి పట్టుకుని, లాక్కుని, తన చెవి పైన మచ్చ మీద పెట్టుకుంది. పెట్టి గట్టిగా అదిమింది. మళ్ళీ కాల్చమని. ఆ రోజు తగ్గింది కదా, మళ్ళీ పెట్టమని. కళ్ళనిండా నమ్మకంతో అడిగింది.

సుంకప్ప చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాడు. ఇంక నోరు ఆగలేదు.

"గంగీ, నేనే చెడగొడితి నిన్ను," అన్నాడు.

"ఊ," అంది గంగక్క.

"నీకు తగ్గింది వాతతో కాదు, మాత్రల్తో. నేను కాల్చినాననే పుండయింది. పుండయిందనే కొయ్యలేదు. డాక్టరు నాతో చెప్పినాడు, నేను నీకు చెప్పలేదు. చెప్పేకి ధైర్యం రాలేదు నాకు."

"ఊ."

"నీ ఉసురు నేనే తీస్తి. తిట్టు నన్ను. ఒక్క మాటన్నా అను, మే. మొహాన ఉమ్మన్నా ఉమ్మి."

అతను వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. గంగక్క అతని మొహంలోకి శ్రద్ధగా చూస్తోంది. కొంగు అంచుతో అతని చెంపలు తుడిచింది. కోపం లేదు, క్షమించడమూ లేదు. ఆమెకు ఒక్క ముక్క అందలేదు. అతను ఏదో పెద్ద కథ చెబుతున్నాడని మాత్రం తెలిసినట్టుంది. పెండ్లైనప్పటి నుంచి మంద వెనక నడుస్తూ అతను చెప్పిన ప్రతి కథకూ ఊ కొట్టినట్టే దీనికీ కొట్టింది.

అతని మాట ఆగిపోయింది. ఆమె కాసేపు చూసి, తర్వాతేమైందో చెప్పమన్నట్టు అతని గదమ పట్టుకుని కదిపింది.

"ఊ?" అంది.